ఊపిరి బాట కాచిన సర్జన్ – సర్ విలియం మెక్యూవెన్

ఊపిరి ఉంటే ఉప్పు అమ్ముకుని అయినా బతకవచ్చునని మన పెద్దలు అంటారు. ఆ ఊపిరి నడిచే దారే ఇరుకైపోతే మనిషి గతి ఏమిటి? గొంతులో గడ్డ లేచిన మనిషిని తలుచుకోండి. ఒక్కో గుక్క గాలి కోసం మెడ నరాలు ఉబ్బేలా ఈడ్చుకుంటున్నాడు. ఆ గడ్డ కోసి తీసేయాలి. కోయాలంటే మత్తు ఇవ్వాలి. మత్తు ఇస్తే ఉన్న కాస్త దారీ మూసుకుపోయి ప్రాణం పోవచ్చు. ఇవ్వకపోతే కత్తి పెట్టే వీలే లేదు. ముందు నుయ్యి, వెనుక గొయ్యి అంటే ఇదే.

ఈ చిక్కుముడిని మొట్టమొదట నోటి దారినే విప్పిన మనిషి స్కాట్లండు దేశపు సర్జన్ సర్ విలియం మెక్యూవెన్. మెదడు ఆపరేషన్లకు, ఎముకల ఆపరేషన్లకు ఆయన పేరు పుస్తకాల్లో ఎక్కువగా కనిపిస్తుంది. కాని ఈనాడు పెద్ద ఆసుపత్రుల్లో మత్తు డాక్టరు రోగి శ్వాసనాళంలోకి గొట్టం వేసిన ప్రతిసారీ ఆయన 1878లో వేసిన అడుగులోనే అడుగు వేస్తున్నాడు. ఆ సంగతి చాలామందికి తెలియదు. అందుకే ఈ వ్యాసం.

బాల్యం, చదువు

విలియం మెక్యూవెన్ 1848 జూన్ 22న స్కాట్లండు పశ్చిమ తీరాన ఉన్న బ్యూట్ అనే చిన్న ద్వీపంలో, పోర్ట్ బానటైన్ అనే రేవు గ్రామం దగ్గర పుట్టాడు. ఇంట్లో పిల్లలు చాలామంది. వాళ్లలో చివరివాడు ఇతడే. తండ్రికి ఓడలతో, సరుకుల వ్యాపారంతో సంబంధం ఉండేది.

ఆయన పుట్టిన కాలాన్ని కొంచెం గుర్తుచేసుకోవాలి. 1846 అక్టోబరు 16న అమెరికాలోని బోస్టన్‌లో మార్టన్ అనే దంతవైద్యుడు ఈథరుతో మత్తు ఇచ్చి, నొప్పి లేని ఆపరేషనును అందరి ఎదుట చూపించాడు. 1847 నవంబరులో ఎడింబరోలో సింప్సన్ అనే డాక్టరు క్లోరోఫాం వాడకం మొదలుపెట్టాడు. మూడు నెలలైనా పూర్తిగా గడవకముందే, 1848 జనవరి 28న ఇంగ్లండులో హన్నా గ్రీనర్ అనే 15 ఏళ్ల పిల్ల, కాలివేలి గోరు తీయించుకోవడానికి వచ్చి, క్లోరోఫాం పీలుస్తూ చనిపోయింది. గోటితో పోయేదానికి ప్రాణమే పోయింది. అంటే మెక్యూవెన్ పుట్టేనాటికి లోకానికి మత్తు అనే వరమూ తెలుసు, దాని వెనుక దాక్కున్న మృత్యువూ తెలుసు. ఆ మృత్యువు సంగతి తేల్చడంలో మెక్యూవెన్ పాత్ర కూడా ఉంటుందని అప్పుడు ఎవరనుకున్నారు?

మెక్యూవెన్ గ్లాస్గో విశ్వవిద్యాలయంలో వైద్యం చదివి 1869లో పట్టా పుచ్చుకున్నాడు. 1872లో ఎం.డి. అయ్యాడు. ఆ రోజుల్లో గ్లాస్గోలో సర్జరీ చెప్పిన ప్రొఫెసరు సామాన్యుడు కాదు, జోసెఫ్ లిస్టర్. పుండ్లు కుళ్లడానికి సూక్ష్మజీవులే కారణమని నమ్మి, 1865లో గ్లాస్గో రాయల్ ఇన్‌ఫర్మరీలో కార్బాలిక్ ఆమ్లంతో గాయాలకు కట్లు కట్టినవాడు ఆయనే. మెక్యూవెన్ ఆ పాఠాన్ని నేర్చుకుని ఊరుకోలేదు. దాన్ని ఇంకా ముందుకు తీసుకుపోయాడు. పనిముట్లను మరిగించడం, చెక్క పిడులు తీసేసి మొత్తం ఉక్కుతోనే చేయించడం, శుభ్రం చేసిన గౌన్లు తొడుక్కోవడం వంటి పద్ధతులను తొలిరోజుల్లోనే ఆచరణలో పెట్టాడు.

చదువు ముగిశాక 1870లో గ్లాస్గోలోని బెల్విడియర్ అంటువ్యాధుల ఆసుపత్రికి సూపరింటెండెంటుగా వెళ్లాడు. కొంతకాలం పోలీసు సర్జనుగా కూడా పనిచేశాడు. ఆ ఉద్యోగం చిన్నదే కాని అక్కడ కూడా కళ్లు మూసుకుని కూర్చోలేదు. రాత్రిళ్లు పోలీసులు వీధుల్లో పడి ఉన్నవాళ్లను మోసుకొచ్చేవారు. వాళ్లలో తాగి పడిపోయినవాడెవడు, తలకు దెబ్బ తగిలి స్పృహ తప్పినవాడెవడు? పొరపాటు పడితే దెబ్బ తగిలినవాడు లాకప్పులోనే చస్తాడు. తాగినవాడి కంటిపాపలు కుంచించుకుని ఉంటాయనీ, అతన్ని కదిలించి లేపబోతే అవి కాసేపు పెద్దవై మళ్లీ చిన్నవవుతాయనీ మెక్యూవెన్ కనిపెట్టి రాశాడు. ఎదురుగా ఉన్నదాన్ని ఓపికగా చూడడం ఆయన స్వభావం.

1875లో గ్లాస్గో రాయల్ ఇన్‌ఫర్మరీలో అసిస్టెంటు సర్జనుగా చేరాడు. రెండేళ్లు తిరగకముందే పూర్తి సర్జను అయ్యాడు. అక్కడే ఆయన అసలు జీవితం మొదలయింది.

దారి ఇరుకైతే ఏమవుతుంది?

మెక్యూవెన్ చేసిన పని గొప్పతనం తెలియాలంటే కొంచెం సైన్సు తప్పదు. సైన్సు విద్యార్థిని కనుక ఈ మాత్రం చెప్పుకునే స్వతంత్రం తీసుకుంటున్నాను.

మన శ్వాసనాళం పెద్దవాళ్లలో 10 నుంచి 12 సెంటీమీటర్ల పొడవు ఉంటుంది. వెడల్పు దాదాపు 15 నుంచి 20 మిల్లీమీటర్లు. గొంతులో కాన్సరు గడ్డ, మెడలో పెరిగిన గాయిటర్, కాలిన వాపు, పాత పుండు మానిన మచ్చ, ఎదలో గడ్డ – వీటిలో ఏది వచ్చినా ఈ దారిని నొక్కుతుంది. ఎక్కడో లోపల సన్నని కొమ్మల్లో కాదు, ఊపిరంతా నడవవలసిన పెద్ద బాటలోనే అడ్డు పడుతుంది. పక్క దారి అంటూ లేదు.

చేనుకు నీళ్లు పెట్టే తూము సగం పూడితే నీళ్లు సగం వస్తాయని కొత్తవాళ్లు అనుకుంటారు. నీళ్లు కట్టినవాడికి తెలుసు, సగం కాదు, చాలా తక్కువ వస్తాయని. దీనికి లెక్క కట్టినవాడు ఫ్రాన్సు దేశపు డాక్టరు పాయిజే. మన బి.ఎస్.సి. ఫిజిక్సులో పాయిజే సూత్రం వచ్చినప్పుడు కేశనాళికల లెక్కలు చేసి వదిలేస్తాం. కాని అది మనిషి ప్రాణం లెక్క. సాఫీగా పారే ప్రవాహం గొట్టం వ్యాసార్ధానికి నాలుగో ఘాతాన్ని బట్టి ఉంటుంది. వ్యాసార్ధం సగమైతే ప్రవాహం సగం కాదు, పదహారో వంతు అవుతుంది. పసిపిల్లవాడి ఊపిరి దారి 4 మిల్లీమీటర్లు ఉందనుకుందాం. దాని గోడలు చుట్టూ ఒక్క మిల్లీమీటరు వాచాయంటే మిగిలేది 2 మిల్లీమీటర్లే. అంతకుముందు పడిన శ్రమతోనే పీలిస్తే వచ్చే గాలి పదహారో వంతు. ఇరుకు దగ్గర గాలి సుడులు తిరిగితే కష్టం ఇంకా పెరుగుతుంది. ఈలవేసినట్టు వినబడే ఆ కూత ఆ సుడులదే. పెద్దవాళ్లలో దారి దాదాపు 8 మిల్లీమీటర్లకు తగ్గితే నడిచినప్పుడు ఆయాసం వస్తుంది. 5 మిల్లీమీటర్లకు దిగితే ఊరికే కూర్చున్నా ఆ కూత వినబడుతుంది.

ఇలాంటి రోగి మెలకువగా ఉన్నంతసేపు ఎలాగో నెట్టుకొస్తాడు. ముందుకు వంగి కూర్చుంటాడు. మెడ కండరాలు, ఎద కండరాలు అన్నీ బిగించి లాగుతాడు. ఏ పక్కకు ఒరిగితే గాలి బాగా ఆడుతుందో అతని ఒంటికే తెలుసు. మత్తు ఇవ్వగానే ఆ కండరాలన్నీ సడలిపోతాయి. నాలుక వెనక్కి పడుతుంది. పడుకోబెడితే గడ్డ బరువు దారి మీద పడుతుంది. ఇంతసేపూ కాపలా కాసినవాడిని మనమే నిద్రపుచ్చినట్టయింది. నోటికి రక్తం అడ్డుపడితే దగ్గి ఉమ్మే శక్తి కూడా ఉండదు.

1878 నాటికి దీనికి ఉన్న ఉపాయం ఒక్కటే. ముందుగా మెడకు కోతపెట్టి శ్వాసనాళానికి రంధ్రం చేసి, అందులోంచి గొట్టం పెట్టి, ఆ దారిన క్లోరోఫాం ఇవ్వడం. జర్మనీలో ట్రెండెలెన్‌బర్గ్ దీనికి ప్రత్యేకమైన గొట్టం కూడా చేశాడు. మంచి ఉపాయమే. కాని ఒక ఆపరేషను చేయడానికి ముందు ఇంకో ఆపరేషను! ఆ గాయం చీము పట్టి, ఊపిరితిత్తులకు సోకి చనిపోయినవాళ్లు ఎందరో.

నోటి నుంచే గొట్టం వేయవచ్చు కదా అన్న ఆలోచన అంతకుముందు ఎవరికీ రాలేదని కాదు. 1858లో పారిస్‌లో బూషూ అనే పిల్లల డాక్టరు, కంఠసర్పి, అంటే డిఫ్తీరియా, వచ్చి ఊపిరాడని పిల్లల స్వరపేటికలో చిన్న గొట్టం పెట్టి చూపాడు. అక్కడి పెద్దలు కమిటీ వేసి కొట్టిపారేశారు. ఆ ఆలోచన అంతటితో మూలపడింది.

1878 జూలై 5

గ్లాస్గో రాయల్ ఇన్‌ఫర్మరీలో మెక్యూవెన్ దగ్గరకు 55 ఏళ్ల పనివాడొకడు వచ్చాడు. గోడలకు గచ్చుపూత పూసి బతికేవాడు. నాలుక మొదట్లోనూ గొంతులోనూ కాన్సరు గడ్డ లేచింది. గడ్డను నోట్లోంచే తీయాలి. తీసేటప్పుడు రక్తం ధారగా కారుతుంది. మత్తులో ఉన్న మనిషి ఆ రక్తాన్ని ఊపిరితిత్తుల్లోకి పీల్చుకుంటే ఇంకేముంది, గడ్డ పోయినా మనిషి దక్కడు.

మెక్యూవెన్ మెడ కోయదలచుకోలేదు. అలాగని సాహసం చేసి నేరుగా రోగి మీదనే ప్రయత్నించనూ లేదు. ముందు శవాల మీద సాధన చేశాడు. చూపుడువేలు నోట్లో పెట్టి, కొండనాలుకకు కింద స్వరపేటికకు మూతలా ఉండే మృదులాస్థిని వేలితో తడిమి, దాన్ని అదిమి పట్టి, ఆ వేలి వెంటే వంపు తిరిగిన గొట్టాన్ని లోపలికి నడపడం నేర్చుకున్నాడు. గొంతులోకి చూడడానికి ఈనాడు మనం ఎరిగిన వెలుగు పరికరాలు అప్పుడు లేవు. చూపంతా వేలికొసలోనే. చేత్తో పట్టు దొరికాక, ఆపరేషనుకు ముందే ఆ రోగికి రెండుమూడుసార్లు గొట్టం వేసి తీసి అలవాటు చేశాడు.

ఆ రోజు రోగి మెలకువగా ఉండగానే గొట్టం వేశాడు. మొదట్లో దగ్గు వచ్చింది. తరవాత సర్దుకుంది. గాలి గొట్టంలోంచి సాఫీగా నడుస్తోందని రూఢి చేసుకున్న తరవాతే ఆ గొట్టం ద్వారా క్లోరోఫాం పట్టించారు. గొట్టం చుట్టూ స్వరపేటిక వాకిట్లో స్పాంజి దట్టించి రక్తం లోపలికి దిగకుండా కట్టుదిట్టం చేశాడు. ఇక సర్జను నోట్లో నిదానంగా పని చేసుకున్నాడు, మత్తు ఇచ్చేవాడు పక్కన నిలబడి తన పని తాను చేసుకున్నాడు. ఒకరి చేతులకు ఒకరు అడ్డం రాలేదు. మెడకు గాటు పడలేదు. ఆపరేషను నిర్విఘ్నంగా ముగిసింది.

ఇక్కడ గమనించవలసినది ఆ వరస. ముందు దారి, తరవాత నిద్ర. ముందు నిద్రపుచ్చి తరవాత దారి వెతకడం కాదు. నీళ్లు వదలకముందే గట్టు చూసుకోవాలని రైతుకు ఒకరు చెప్పనక్కరలేదు. కాని ఆపరేషను బల్ల దగ్గర ఈ మాట ఎవరో ఒకరు మొదట చేసి చూపించాలి. మెక్యూవెన్ చేసి చూపించాడు.

ఇదే గొట్టాన్ని ఆయన ఇంకొక పనికి కూడా వాడాడు. స్వరపేటిక వాచిపోయి ఊపిరాడక కొట్టుకుంటున్న రోగులకు మెడ కోయడానికి బదులు నోటి నుంచి గొట్టం వేసి, వాపు తగ్గేదాకా గంటల తరబడి అలాగే ఉంచి, తరవాత తీసేశాడు. నీలంగా మారిన ముఖాలు మళ్లీ రంగు తేరాయి.

దాచుకోని ఓటమి

మంచి మాటలే చెప్పి ముగిస్తే మెక్యూవెన్‌కు అన్యాయం చేసినట్టే. నోటిలో కాన్సరు ఉన్న ఇంకొక రోగికి కూడా ఇలాగే గొట్టం వేయబోయారు. అతను ఆ గొట్టాన్ని భరించలేకపోయాడు. దగ్గి, పెనుగులాడి తీసేయించుకున్నాడు. సరేనని మామూలు పద్ధతిలో క్లోరోఫాం పట్టించారు. కత్తి పెట్టకముందే ఆ మనిషి ప్రాణం పోయింది.

ఎంత మొనగాడైనా ఆ రోజు ఇంటికి వెళ్లి అన్నం తినగలడా? కాని 1880 జూలైలో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో తన అనుభవాలను అచ్చువేసినప్పుడు మెక్యూవెన్ ఆ చావును కూడా మిగతా వాటి పక్కనే పెట్టాడు. గెలిచినవి రాసి ఓడినది దాచుకోలేదు. తరవాత ఆ దారిలో నడవబోయేవాడికి ముల్లు ఎక్కడుందో తెలియాలి కదా! నా దృష్టిలో 1878 జూలై 5 ఎంత గొప్పదో ఈ నిజాయితీ కూడా అంతే గొప్పది.

మత్తు ఇవ్వడం ఎవరు పడితే వారు చేసే పని కాదని కూడా ఆయన పట్టుబట్టాడు. ఆ రోజుల్లో కత్తి పట్టేవాడే దేవుడు. క్లోరోఫాం గుడ్డ పట్టే పని మాత్రం చేతికి దొరికిన కుర్ర డాక్టరుకో విద్యార్థికో అప్పగించేవారు. విద్యార్థులకు ఆ పని ఒక పద్ధతిగా నేర్పాలని, నేర్చినవాడి చేతికే గుడ్డ ఇవ్వాలని గ్లాస్గోలో మొదటి నుంచీ వాదించినవాళ్లలో మెక్యూవెన్ ఒకడు.

హైదరాబాదులో అదే ప్రశ్న

క్లోరోఫాంతో మనిషి ఎందుకు చనిపోతాడన్న ప్రశ్న గ్లాస్గోతో ఆగలేదు. అది మన హైదరాబాదుకు కూడా వచ్చింది. ఆరవ నిజాం మీర్ మహబూబ్ అలీఖాన్ కాలంలో రెసిడెన్సీ సర్జను ఎడ్వర్డ్ లారీ 1888లో మొదటి క్లోరోఫాం కమిషనును, 1889లో రెండవ కమిషనును నడిపించాడు. లారీ కూడా స్కాట్లండులో చదివినవాడే. రెండవ కమిషనుకు నిజాం ఇచ్చిన డబ్బుతో లండను నుంచి లాడర్ బ్రంటన్ అనే పేరుమోసిన డాక్టరు వచ్చాడు. వందలాది జంతువుల మీద ప్రయోగాలు చేసి, ముందు ఆగేది ఊపిరి, గుండె తరవాత, కనుక మత్తు ఇచ్చేవాడి కన్ను ఊపిరి మీదనే ఉండాలని తేల్చారు. అఫ్జల్‌గంజ్ ఆసుపత్రిలో క్లోరోఫాం ఇవ్వడంలో ఆరితేరిన రూపాబాయి ఫర్దూన్‌జీని ప్రపంచంలోని తొలి మహిళా మత్తు వైద్యులలో ఒకరిగా చెప్పుకుంటారు.

కమిషను చెప్పినదంతా సరి కాదని 1911లో లెవీ అనే శాస్త్రజ్ఞుడు రుజువు చేశాడు. క్లోరోఫాం గుండెను కూడా ఉన్నట్టుండి ఆపగలదు. ఐనా మత్తులో ఉన్నవాడి ఊపిరి మీద కన్ను వేసి ఉంచాలన్న మాట మాత్రం నిలబడింది. మెక్యూవెన్ చెప్పినదీ ఆ మాటకు దగ్గరిదే.

ఎముక, మెదడు, ఊపిరితిత్తి

మెక్యూవెన్ మిగతా జీవితం గురించి చెప్పాలంటే ఒక పుస్తకం కావాలి. క్లుప్తంగా చెబుతాను. గ్లాస్గో ఓడల నగరం, పొగ నగరం. ఎండ తగలక, సరైన తిండి లేక పేదపిల్లలకు రికెట్స్ వచ్చి కాళ్లు వంకరపోయేవి. ఆ కాళ్ల ఎముకను ఉలితో చెక్కి సరిచేసే ఆపరేషనును 1877లో మొదలుపెట్టి, వందలాది పిల్లలను తిన్నగా నడిపించాడు. చీము పట్టి చేతి ఎముక పోగొట్టుకున్న ఒక చిన్న కుర్రవాడికి, ఇతర పిల్లల కాళ్లలోంచి తీసిన ఎముక ముక్కలను అతికించి కొత్త ఎముక పెంచాడు. ఆ కుర్రవాడు పెద్దయ్యాక ఆ చేతితోనే పనిచేసుకుని బతికాడు.

1879లో 14 ఏళ్ల పిల్ల మెదడు పొరల్లోని గడ్డను తీశాడు. ఆ పిల్ల మరి ఎనిమిదేళ్లు బతికింది. 1893లో ఆయన అచ్చువేసిన పుస్తకం ప్రకారం, మెదడులో చీముగడ్డ ఉన్న 19 మందికి ఆపరేషను చేస్తే 18 మంది కోలుకున్నారు. యాంటీబయాటిక్ మందులు లేని రోజుల్లో ఇది నమ్మశక్యం కాని సంగతి. 1895లో చెడిపోయిన ఎడమ ఊపిరితిత్తిని దశలవారీగా తీసేశాడు. ఆ రోగి ఆయనకంటే ఎక్కువకాలం బతికి ఉన్నాడు.

1892లో గ్లాస్గో విశ్వవిద్యాలయంలో, ఒకప్పుడు లిస్టర్ కూర్చున్న ప్రొఫెసరు పీఠం మీదనే కూర్చున్నాడు. 1895లో రాయల్ సొసైటీ ఫెలో, 1902లో సర్ బిరుదు. మొదటి ప్రపంచయుద్ధంలో కాళ్లూచేతులూ పోయినవాళ్లు వేలల్లో తిరిగివస్తుంటే, 1916లో క్లైడ్ నది ఒడ్డున ఎర్స్‌కిన్ అనేచోట వాళ్లకోసం ఆసుపత్రి పెట్టించడానికి ముందు నిలబడ్డాడు. కృత్రిమ అవయవాలు దొరకడం లేదంటే, ఓడలు కట్టే వడ్రంగులను పిలిచి కొయ్యకాళ్లు చేయించాడు.

ఇంత పేరు వచ్చినా ఆయన మట్టిని వదల్లేదు. పుట్టిన బ్యూట్ ద్వీపంలోనే గారొక్టీ అనేచోట వ్యవసాయ క్షేత్రం పెట్టుకున్నాడు. జింకల కొమ్ములు ఏటా రాలి మళ్లీ ఎలా పెరుగుతాయో చూసి 1920లో ఒక పుస్తకం రాశాడు. ఎముక ఎలా పెరుగుతుందన్న ప్రశ్న ముసలితనంలో కూడా ఆయన్ని వదిలిపెట్టలేదన్నమాట. 1924 మార్చి 22న కన్నుమూశాడు.

ఆయన తరవాత

విచిత్రమేమంటే గొట్టం పద్ధతి వెంటనే వ్యాపించలేదు. 1885లో న్యూయార్క్‌లో ఓ'డ్వయర్ అనే డాక్టరు అనాథపిల్లల ఆసుపత్రిలో, కంఠసర్పితో ఉక్కిరిబిక్కిరయ్యే పసివాళ్లకు చిన్న లోహపు గొట్టాలు వేసి ఎందరినో కాపాడాడు. 1900 తరవాత జర్మనీలో కూన్ దాన్ని మత్తుకోసం మెరుగుపరిచాడు. మొదటి యుద్ధం ముగిశాక ఇంగ్లండులోని సిడ్‌కప్‌లో ముఖాలు ఛిద్రమైన సైనికులకు ఆపరేషన్లు చేసేటప్పుడు మాగిల్, రోబోతం అనే ఇద్దరు మత్తు డాక్టర్లు రబ్బరు గొట్టాలతో ఈ పద్ధతిని స్థిరపరిచారు. 1943లో మాకింటోష్ వంపు తిరిగిన లారింగోస్కోపు తయారుచేశాడు. మెక్యూవెన్ వేలు చేసిన పనిని ఇక కన్ను చేయసాగింది. 1967లో లండనులో మర్ఫీ అనే డాక్టరు, పిత్తాశయ మార్గం చూడడానికి చేసిన వంగే గాజునారల దుర్భిణిని గొంతులోకి పంపి, దాని మీదుగా గొట్టం వేశాడు.

ఈనాడు శ్వాసనాళం ఇరుకైన రోగి వస్తే మత్తు డాక్టరు ముందు చేసేది మందు ఎక్కించడం కాదు, మాట్లాడడం. ఏ పక్కన పడుకుంటే ఊపిరాడుతుంది, రాత్రి కూర్చునే నిద్రపోతున్నావా అని అడుగుతాడు. స్కానింగులో ఇరుకు ఎక్కడుంది, ఎంత పొడవుంది, దానికి అవతల ఎంత జాగా ఉందో కొలుస్తాడు. చాలామంది విషయంలో రోగి తనంత తాను ఊపిరి పీలుస్తుండగానే గొంతుకు తిమ్మిరిమందు చల్లి, దుర్భిణితో దారి చూసుకుని, ఇరుకును దాటేలా సన్నని గొట్టం వేస్తాడు. ఆ తరవాతే నిద్ర. ఇరుకు స్వరపేటిక దగ్గరైతే మెడకు కోత పెట్టడానికి సర్జను పక్కనే సిద్ధంగా ఉంటాడు. ఇరుకు ఎదలోపలైతే మెడ కోసి లాభం లేదు. బిరుసైన బ్రాంకోస్కోపు, మరీ కష్టమైన వాటికి గుండె-ఊపిరితిత్తుల యంత్రం కూడా ముందే సిద్ధం చేసుకుంటారు. అవసరమైతే ఆక్సిజనులో హీలియం కలిపి ఇస్తారు. గాలిలో దాదాపు మూడోవంతు సాంద్రతే ఉండే ఆ మిశ్రమం ఇరుకు సందులో తేలిగ్గా దూరిపోతుంది. పరికరాలు మారాయి, మందులు మారాయి. వరస మాత్రం ఆ గచ్చుపని మనిషికి వేసిన వరసే – ముందు దారి, తరవాత నిద్ర.

మిత్రులారా, మెక్యూవెన్ జీవితం నుంచి మనం నేర్చుకోవలసినవి నాకు మూడు కనిపిస్తున్నాయి. ఇంకొకరి ప్రాణం మీద చెయ్యి వేసేముందు ఆ చేతికి సాధన ఉండాలి. ఆపద వచ్చాక పరుగెత్తడం కంటే రాకముందే దారి కాచుకోవాలి. పొరపాటు జరిగితే దాన్ని నలుగురికీ చెప్పాలి, అది పదిమందిని కాపాడుతుంది. రేపు మనలో కొందరు డాక్టర్లు కాకపోవచ్చు. లాబొరేటరీలోనో, ఆఫీసులోనో, పొలంలోనో ఉంటాం. ఐనా ఈ మూడూ ఎక్కడైనా పనికివస్తాయి.

ఆ గచ్చుపని మనిషి పేరు మనకు తెలియదు. శవం మీద సాధన చేసిన వేళ్లకు మెలకువగా తన గొంతు అప్పగించి, దగ్గు దిగమింగి నిశ్చలంగా కూర్చున్నవాడు అతను. మెక్యూవెన్‌కు నమస్కరించేటప్పుడు అతనికీ ఒక నమస్కారం చేద్దాం.